పదకొండు వాటాల లోగిలి

అద్దెకున్నవాణ్ణి లేవగొట్టడానికి ఆ రోజుల్లో ఇంటివాళ్ళ దగ్గర మూడు మాటలుండేవి, అబ్బాయ్. మా పెద్దాడికి పెళ్ళి కుదిరింది, ఆ వాటా వాడికి కావాలి అన్నది ఒకటి. మా అమ్మాయి పురిటికొస్తోంది అన్నది రెండోది. ఈ రెండిటికీ ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. పెళ్ళి వైశాఖంలో అయిపోతుంది. పురిటికొచ్చిన పిల్ల మూడో నెలకో అయిదో నెలకో అత్తారింటికి పోతుంది. ఈలోపు బాలింతకి కారప్పొడి కొట్టిపెట్టీ, చంటాణ్ణి ఎత్తుకుని తిప్పీ, ఖాళీ చెయ్యమన్నవాళ్ళ చేతే ఉండిపొమ్మనిపించుకున్న అద్దెవాళ్ళని నేనెరుగుదును. మూడో మాట వచ్చిందంటే మాత్రం గుండెలో రాయి పడేది. "ఇల్లు పాతబడిపోయిందండీ, పడగొట్టి కొత్తది కట్టుకుంటాం" అనేవారు. దానికేం జవాబు చెబుతావు? పైకప్పు లేని ఇంట్లో ఎవరుండగలరు?

ఆ మూడో మాట మీద నడిచిన గొడవ ఒకటి చెబుతాను. తొందరపడకు, కథకి ముందు చాలా సంగతులున్నాయి.

నేను రాజమండ్రి కోర్టులో ప్లీడరు గుమాస్తాని. పాత తూర్పుగోదావరి జిల్లాకి ఓ విచిత్రం ఉండేది, నీకు తెలీదేమో. కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జీ రాజమండ్రిలో. శిస్తు గొడవున్నవాడు కాకినాడ బస్సెక్కేవాడు, దావా ఉన్నవాడు మా ఊరొచ్చేవాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక గానీ మా ఊరికి కలెక్టరు రాలేదు. కోనసీమ నుంచి వాయిదాకొచ్చిన పెద్దమనుషులు ప్లీడరుగారికి కొబ్బరికాయలూ అరటిగెలలూ తెచ్చేవారు. ఫీజు మాత్రం వచ్చే వాయిదాకి ఇస్తామనేవారు. ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని ఊరికే అనలేదు మరి. సరే, వాళ్ళ కథ ఇంకో రోజు. మనం అద్దె ఇళ్ళ దగ్గరున్నాం.

మా ఇన్నీసుపేట, ఆర్యాపురం, జాంపేట వీధుల్లో అప్పట్లో ఎటు చూసినా పెంకుటిళ్ళే. పైన అడవుల్లో కొట్టిన కలపని తెప్పలు కట్టి గోదాట్లో వదిలితే మా ఊరి రేవుల్లో తేలేది. ఆ టేకుతోనే దూలాలు, వాసాలు, నున్నటి స్తంభాలు, నాలుగు చేతుల వెడల్పు వీధి తలుపులు. నడిమధ్యన మండువా. వానొస్తే నాలుగు వైపుల నీళ్ళూ అందులో పడి తూములోంచి వీధిలోకి పోయేవి. వీధరుగు మీద దారిన పోయేవాడు ఎవడైనా కూర్చోవచ్చు, మంచినీళ్ళడగొచ్చు. ఉమ్మడి కుటుంబాల కోసం కట్టిన లోగిళ్ళవి. కొడుకులు ఉద్యోగాలకని మద్రాసో హైదరాబాదో పోయాక అంత ఇల్లు ఊడ్చేవాళ్ళు లేక గదికో అడ్డగోడ కట్టి వాటాలు చేసి అద్దెకిచ్చారు. ఒక వసారా, ఒక గది, పొగ పోవడానికి గూడు పెంకున్న వంటిల్లు. అదీ వాటా అంటే. నుయ్యి అందరికీ ఒకటే, పెరట్లో దొడ్డీ ఒకటే. తెల్లారగట్ల చెంబు పట్టుకుని ఎవరు ముందు నిలబడితే వాళ్ళదే రాజ్యం.

అరవైల్లో నేనున్న వాటాకి నెలకి 15 రూపాయలు. నా జీతంలో అది అయిదో వంతు. కరెంటుకి మీటర్లు విడిగా ఉండేవి కావు. బల్బుకి ఇంతని లెక్క. రేడియో కొన్నావా, దానికి వేరే. ఇస్త్రీపెట్టె కొన్నావని తెలిసిందంటే ఇంటావిడ రెండు రోజులు మాట్లాడేది కాదు. రాత్రి తొమ్మిది దాటాక దీపం వెలుగుతుంటే, "పరీక్షలేమైనా ఉన్నాయా అండీ పిల్లలకి?" అని వసారాలోంచి పలకరింపు. గోడకి మేకు కొట్టకూడదు. పెరట్లో కరివేపాకు కొయ్యొచ్చు గానీ మందారం కొయ్యకూడదు, అది వాళ్ళ పూజకి. ఇన్ని ఆంక్షలున్నా ఆవకాయ రోజుల్లో జాడీ కడిగి మొదటి ముద్ద పక్కవాటాకి పెట్టకుండా ఎవరూ తినేవారు కాదు. అద్దెవాళ్ళకి జ్వరమొస్తే ఇంటావిడే మిరియాల కషాయం కాచి తెచ్చేది. మనుషులు అలా ఉండేవారు, కషాయం ఇచ్చిన చేత్తోనే బల్బు లెక్కా పెట్టేవారు.

ఇల్లు వెతుక్కోవడం ఇంకో అగ్నిపరీక్ష. ముందు ఇంటిపేరడిగేవారు. ఊరడిగేవారు, ఆ ఊళ్ళో ఏ వీధని అడిగేవారు. కులం అడగలేదంటారు గానీ, ఆ అడగడమంతా దాని కోసమే. మాంసం వండుతారా అని కొందరు సూటిగానే అనేసేవారు. ఎస్సీ కుర్రాళ్ళు బ్యాంకు ఉద్యోగాలు వచ్చి, చేతిలో జీతమున్నా మా ఊళ్ళో వాటా దొరక్క హోటలు గదుల్లో నెలలు గడిపారు. నా కళ్ళతో చూశాను. అది అన్యాయం. ఇప్పటికీ పోలేదు, కొత్త అపార్టుమెంట్లలోకీ వచ్చి కూర్చుంది.

అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకోటుంది. ఎవరూ రసీదు తీసుకునేవారు కాదు. ఒకటో తారీఖు దాటాక అయిదులోపు అద్దె పట్టుకెళ్ళి ఇచ్చేవారు, ఇంటాయన కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టుకునేవాడు. వెంకటరమణ గుడి కేలండరు వెనక ఓ గీత గీసేవాడు. కాగితమడిగితే, "మా మాట మీద నమ్మకం లేదా?" అని మొహం ముడుచుకునేవాడు. అడిగినవాడే సిగ్గుపడేవాడు. మంచిరోజుల్లో ఆ గీత చాలు. చెడ్డరోజు వచ్చాక కేలండరు కనబడదు.

ఫోను పక్కన పెట్టు. ఇప్పుడు అప్పటి చట్టం చెబుతాను, అది తెలిస్తేనే కథ అర్థమయ్యేది.

రెండో యుద్ధం రోజుల్లో ఊళ్ళలో ఇళ్ళకి కరువొచ్చి మద్రాసు సర్కారు అద్దెల మీద ఉత్తర్వులిచ్చింది. ఆ తర్వాత 1946లో ఒక చట్టం, 1949లో ఇంకోటి. మన రాష్ట్రం ఏర్పడ్డాక 1960లో మనకంటూ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. కిరాయి ఇళ్ళ తగాదాలు వినడానికి రెంట్ కంట్రోలరు. ఆయన వేరే ఎవరో కాదు, మా మునసబు కోర్టు జడ్జీగారే. ఇంటివాడు అద్దె పుచ్చుకుంటే రసీదివ్వాలని అందులో రాసే ఉండేది. కావాలని పుచ్చుకోకపోతే ఏ బ్యాంకులో వెయ్యమంటావో చెప్పమని నోటీసివ్వాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి, కమీషను అద్దెలోంచే తగ్గించుకోవచ్చు. అదీ తిరగ్గొడితే కోర్టులో కట్టెయ్యాలి. నీళ్ళూ దీపమూ ఆపకూడదనీ ఉండేది.

పడగొట్టే సంగతి పన్నెండో సెక్షను. పడగొట్టి కట్టుకోవడం నిజంగానే కావాలని ఇంటివాడు కంట్రోలరుని ఒప్పించాలి. మునిసిపాలిటీ మంజూరు చేసిన ప్లానేదీ, కట్టడానికి డబ్బేదీ అని అడిగేవారు. ఆపైన ఇంకో మెలిక. కొత్త ఇల్లు పూర్తయ్యాక, ఖాళీ చేసినవాడికే దాన్ని మళ్ళీ ఇవ్వజూపుతానని ఇంటివాడు కోర్టుకి హామీ రాసివ్వాలి. ఈ మాట మా ఊళ్ళో అద్దెకున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి తెలీదు. తెలిసినవాళ్ళకి నమ్మకం లేదు. ఒడ్డెక్కేదాకా ఓడ మల్లయ్య, ఒడ్డెక్కాక బోడి మల్లయ్య కదా.

ఆ చట్టానికో చిల్లు కూడా ఉండేది. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్ళకి అది వర్తించేది కాదు. గుమాస్తాలందరికీ ఆ తారీఖు పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు. ఇంటివాడేమో మా ఇల్లు ఆ తర్వాతదే అనేవాడు, అద్దెవాడేమో మా తాతగారి కాలందనేవాడు, నేను మునిసిపల్ ఆఫీసులో దుమ్ము పట్టిన పన్ను రిజిస్టర్లు తిరగేస్తూ కూర్చునేవాణ్ణి. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసింది. ఎప్పుడో కట్టిన ఇంటికి ఎప్పటికీ మినహాయింపు ఏమిటని. ఆ డిసెంబరులోనే సర్కారు ఇంకో జీవో తెచ్చి, కట్టి పదేళ్ళు కాని ఇళ్ళనీ, నెలకి 1000 రూపాయలు దాటిన అద్దెల్నీ పక్కకి తీసేసింది. వెయ్యి రూపాయల అద్దె అప్పుడు మా ఊళ్ళో డాక్టర్లకి మాత్రమే.

ఇక లోగిలి కథ. ఏ వీధో చెప్పను. ఆ ఇంటివాళ్ళ మనవలు మర్యాదస్తులు, నన్ను చూస్తే ఇప్పటికీ నమస్కారం పెడతారు.

ఎనభైల చివర. ఓఎన్‌జీసీ వాళ్ళొచ్చాక మా ఊళ్ళో అద్దెలకి రెక్కలొచ్చాయి. 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. స్థలం నీది, కట్టుబడి నాది, వాటాలు చెరిసగం అంటూ బిల్డర్లు బయల్దేరారు. ఆ లోగిట్లో పదకొండు వాటాలు. వీధివైపు వాటాలో రిటైరైన స్కూలు మాష్టారు. మండువా పక్కన ప్రభుత్వాసుపత్రి నర్సమ్మగారు. ఓ టైలరు, క్లాత్ మార్కెట్లో జమాఖర్చు రాసే ఆయన, ఓ హోటలు వంటాయన, సున్నుండలూ కజ్జికాయలూ చేసి అమ్ముకునే పెద్దావిడ, ఇలా అందరూ చిన్న బతుకులవాళ్ళే. పెద్దాయన పోయాక కొడుకులు ఇల్లు బిల్డరుకిద్దామనుకున్నారు. 86 ఆగస్టు వానలకి గోడలు నానిపోయాయి, ఇల్లు ఎప్పుడైనా కూలొచ్చు అని నోటీసులు పంపారు.

ఎనభైఆరు వరద నువ్వెరగవు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు. లంకలవాళ్ళు పిల్లల్నీ గేదెల్నీ పట్టుకుని గట్లెక్కారు. మా బళ్ళన్నీ వాళ్ళతో నిండిపోయాయి. ఈ లోగిలి ఆడవాళ్ళు మండువాలో గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపి పంపారు. గోడలు నానినమాట నిజమే అయితే ఆ పొయ్యి వేడికి ఆరిపోయి ఉంటాయి అన్నారు మాష్టారు. సరే, నోటీసుల దగ్గరకొద్దాం.

రిజిస్టరు పోస్టులో పదకొండు వాటాలకీ ఒకే రోజు వచ్చాయి. ఇప్పుడు చెప్పేది విను, మనిషి స్వభావం ఎంత చిత్రమో తెలుస్తుంది. ప్రతివాళ్ళూ తమకొక్కళ్ళకే వచ్చిందనుకున్నారు. పరువు పోతుందని నోటీసు దాచేశారు. వంటాయన బియ్యం డబ్బాలో పెట్టాడు. టైలరు జాకెట్ల గుడ్డల కింద తోశాడు. మాష్టారు, అంతటివారూ, పంచాంగంలో మడిచిపెట్టారు. నాలుగు రోజులపాటు నూతి దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అయిదో రోజు నర్సమ్మగారు చేద నూతిలో వదిలేసి, "నాకు నోటీసొచ్చింది. ఇంకెవరికైనా వచ్చిందా?" అని గట్టిగా అడిగింది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కజ్జికాయలావిడ కొంగు ముడి విప్పి కాగితం తీసింది. ఆవిడకి చదువు రాదు. అది చదివించుకోవడానికి కూడా నాలుగు రోజులు భయపడింది.

ఆ సాయంత్రం మండువాలో అందరూ కూర్చున్నారు. మా ప్లీడరుగారు మాష్టారికి పూర్వ విద్యార్థి, అంచేత నన్ను పంపారు. కుంపట్లో ఆ రెండు బొగ్గులూ వెయ్యి, చలెక్కువైంది. ఆఁ, అందరం కలిసి కోర్టుకి వెళదామన్నదాంట్లో పేచీ లేదు. అందరి తరఫునా ఓ కాగితం రాసి సంతకాలు పెట్టుకోవాలి, ఎవరూ విడిగా ఖాళీ చెయ్యకూడదని. మొదటి సంతకం ఎవరిదన్న దగ్గర గంటన్నర గడిచింది. మొదటి పేరున్నవాడి మీదే ఇంటివాళ్ళ కళ్ళు పడతాయని ఒకరూ, మొదటి పేరు లేకపోతే నా పెద్దరికం ఏం కానని ఇంకొకరూ. ఎవరికి వారే యమునా తీరే. చివరికి నర్సమ్మగారు ఇత్తడి పళ్ళెం తెచ్చి కాగితం మీద బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీసింది. ఆ గీత వెంబడి గుండ్రంగా పెట్టమంది. ఏది మొదలో ఏది చివరో తెలీకుండా పది సంతకాలూ ఒక వేలిముద్రా పడ్డాయి. ఆ కాగితం కోర్టులో చెల్లదు, ఏ సెక్షనూ దాన్ని ఒప్పుకోదు. కానీ ఆ రాత్రి నుంచి వాళ్ళు నోటీసులు దాచుకోవడం మానేశారు.

మాష్టారు ఓ రోజు వాళ్ళకి స్కాట్లండు కథ చెప్పారు. 1915లో, మొదటి యుద్ధం నడుస్తుండగా, గ్లాస్గో ఊళ్ళో ఇంటివాళ్ళు అద్దెలు పెంచేశారు. మగవాళ్ళు యుద్ధంలో ఉన్నారు. మేరీ బార్బర్ అనే ఆవిడ ఆడవాళ్ళని కూడగట్టింది. ఇళ్ళు ఖాళీ చేయించడానికి కోర్టు మనుషులొస్తే వీధిలో గంట కొట్టేవారు. ఆ చప్పుడుకి అందరూ చేతిపని వదిలి పరిగెత్తుకొచ్చి, వచ్చినవాళ్ళ మీద పిండి జల్లి తరిమేవారు. ఆ నవంబరుకి ఇరవై వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టడం మానేశాయి. అదే ఏడాది బ్రిటన్ సర్కారు దిగొచ్చి అద్దెలు యుద్ధానికి ముందున్న చోటే ఆగాలని చట్టం చేసింది. కజ్జికాయలావిడ అంతా విని, "పిండి ఎందుకండీ పాడుచేసుకోవడం, పేడనీళ్ళు చాలవూ?" అంది. మండువా అంతా నవ్వులు. అవి జల్లే అవసరం రాలేదులే.

ఇంటివాళ్ళు మొదట అద్దె పుచ్చుకోవడం మానేశారు. బాకీ పడ్డారని చెప్పి లేవగొట్టొచ్చని ఎత్తు. మా ప్లీడరుగారు చెప్పినట్టే పదకొండుమందీ నోటీసులిచ్చి, కలిసికట్టుగా పోస్టాఫీసుకెళ్ళి మనియార్డర్లు కట్టారు. తిరిగొచ్చిన ఫారాలన్నీ నర్సమ్మగారి ట్రంకుపెట్టెలో. తర్వాత నూతి గిలక మాయమైంది. టైలరు తన మిషను తాకట్టు విడిపించుకోవడానికి దాచుకున్న డబ్బులోంచి కొత్త గిలక తెచ్చాడు. జ్యేష్ఠంలో, వానలు పడబోయే ముందు, మరమ్మతు పేరు చెప్పి వెనకవైపు పెంకులు దింపడానికి కూలీల్ని పంపారు. ఆడవాళ్ళు వీధరుగు మీద బారుగా కూర్చున్నారు. పెంకులు దింపే మేస్త్రీ నిచ్చెన వేసి రెండు మెట్లెక్కి నర్సమ్మగారిని చూశాడు. అతని ముగ్గురు పిల్లల్నీ భూమ్మీద పడేసింది ఆవిడే. "ఈ ఇంటి పెంకు నేను ముట్టుకోనండి" అని నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఆవిడది నోరు పెద్ద మంచిది కాదు, చెయ్యి మంచిది.

పదిమందిలో పాము చావదన్న సామెతా నిజమే. వర్షాకాలం మధ్యలో ఇంటివాళ్ళు టైలర్ని విడిగా పిలిచి 5000 రూపాయలు చేతిలో పెట్టారు. కూతురి పెళ్ళి నెత్తిమీదుంది. పుచ్చుకున్నాడు. తెల్లారగట్ల మిషను రిక్షాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు శాపనార్థాలు పెడతారనుకున్నాను. రెండు రోజులు తిట్టుకున్నారు. మూడో రోజు కజ్జికాయలావిడ ఆ పెళ్ళికి సున్నుండలు చేసి పంపింది. అతను వెళుతూ వెళుతూ తన కొలతల టేపు మాష్టారి కిటికీలో పెట్టిపోయాడు. దాని సంగతి చెబుతాను.

ఇంటివాళ్ళు చివరికి పద్ధతిగా పన్నెండో సెక్షను కింద కేసులు దాఖలు చేశారు. ప్లాను ఉంది, డబ్బు బిల్డరుది, కాబట్టి ఆర్డరు వాళ్ళకే రావడం ఖాయమని మా ప్లీడరుగారు మొదటి రోజే చెప్పేశారు. పోరాటమంతా ఆ తిరిగిచ్చే హామీ మీదే. మాష్టారు పట్టుబట్టారు: "మళ్ళీ ఇస్తాం అన్న ఒక్క ముక్క రాస్తే కుదరదు. ఎవరికి, ఎంత చోటు, ఏ అంతస్తులో, ఎప్పటికి? అన్నీ రాయాలి." కొత్త మేడలో పావు గది చూపించి ఇదే మీ వాటా అంటే ఏం చేస్తారు? అందుకని టైలరు వదిలిన టేపుతో పది వాటాలూ అంగుళాలతో సహా కొలిచారు. నేను చూస్తుండగానే మాష్టారు గోడవార మోకాళ్ళ మీద పాకుతూ లెక్క చెప్పడం, నర్సమ్మగారు ఆసుపత్రి కేసుషీటు వెనక రాసుకోవడం. టేపు పొట్టిది, ఒక్కో గోడకి నాలుగైదు సార్లు వెయ్యాలి. రవికల కొలతలు చూసిన టేపు అది. మూడు రాత్రులు అదే పని. ఆ కొలతలతో గీసిన పటం మీద వాళ్ళూ, ఇంటివాళ్ళూ సంతకాలు పెట్టి కోర్టులో రాజీ దాఖలు చేశారు. ఊరంతా నవ్వింది, ఈ అద్దెవాళ్ళకి ఇంజనీర్ల పోకడలేమిటని.

మేడ లేవడానికి మూడేళ్ళు పట్టింది. బిల్డరు మధ్యలో పని ఆపేశాడు, మళ్ళీ మొదలెట్టాడు. ఈలోపు పది కుటుంబాలూ ఊళ్ళో తలో మూలా చేరాయి. కజ్జికాయలావిడ ఆ మేడ చూడకుండానే పోయింది. ఇద్దరు హైదరాబాదులో ఉన్న తమ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇద్దరు డబ్బు పుచ్చుకుని హక్కు వదులుకున్నారు. అయిదుగురు తిరిగొచ్చారు. వచ్చినప్పుడు ఇంటివాళ్ళు మొహం చాటేస్తే, నర్సమ్మగారు ట్రంకుపెట్టెలోంచి పటం తీసి మేడ మెట్ల మీద పరిచింది. అంగుళం తగ్గలేదు. అద్దె పెరిగింది, అది రాజీలో రాసుకున్నంతే. మాష్టారు ఆ రెండో అంతస్తులో పదేళ్ళు బతికారు, నుయ్యి లేదని ఒక్కటే దిగులు.

పదకొండుమందిలో అయిదుగురంటే ఓటమి కాదా అంటావా? ఆ వీధిలోనే అదే అయిదారేళ్ళలో ఇంకా నాలుగు లోగిళ్ళు పడిపోయాయి. వాటిల్లో అద్దెకున్నవాళ్ళలో తిరిగి అక్కడ అడుగుపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ ఇళ్ళ స్తంభాలూ ద్వారబంధాలూ పాత కలప కొట్లకి చేరి, ఎవరి తోటల్లోకో వెళ్ళాయి. వాటికి ధర కట్టిన మేస్త్రీ, ఆ ద్వారంలోంచి ముప్పై ఏళ్ళు నడిచిన మనుషులకి ఏం ధర కట్టాడు? పుష్కరాల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడూ ఇంతే, చెక్కు ఇంటివాడి పేరున వస్తుంది, కొట్టు అద్దెకి నడుపుకునేవాడి సామాను రోడ్డున పడుతుంది.

ఇంకో మాట. మన తెలుగువాళ్ళు ఇలా నిలబడింది మా వీధిలోనే కాదు. ముంబైలో వర్లీ, నాయగావ్ లాంటి చోట్ల బీడీడీ చాళ్ళని ఉన్నాయి. బ్రిటిషువాళ్ళ కాలంలో 1920లలో కట్టినవి, రెండొందల పైచిలుకు. 160 చదరపుటడుగుల ఒక్క గది, దొడ్లు అంతస్తుకి ఉమ్మడి. మన తెలంగాణ నుంచి మిల్లు పనులకెళ్ళిన పద్మశాలీలు మరాఠీవాళ్ళతో కలిసి తరాలుగా అక్కడ కాపురాలు చేశారు. వాటిని పడగొట్టి టవర్లు కడతామని 2017లో శంకుస్థాపన చేస్తే, అక్కడి అద్దెదారుల సంఘాలు మా మాష్టారు అడిగిందే అడిగాయి. ముందు రిజిస్టరు ఒప్పందం కాగితం, ఆ తర్వాతే ఖాళీ అని. వేలిముద్రల సర్వేకి కూడా అడ్డం తిరిగారు. ఏళ్ళు పట్టింది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకి తాళాలిచ్చారు, ఒక్కొక్కళ్ళకి 500 అడుగుల సొంత ఫ్లాటు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా ఇత్తడి పళ్ళెమే గుర్తొచ్చింది. హైదరాబాదులో 2024లో మూసీ ఒడ్డున ఇళ్ళ మీద ఎర్ర గుర్తులు పెట్టినప్పుడు మాత్రం ఇంటివాళ్ళకి డబుల్ బెడ్‌రూం ఇళ్ళ మాట వినబడిందిగానీ, ఆ ఇళ్ళలో కిరాయికున్న కూలీల గతేమిటో అడిగిన గొంతులు సన్నగా ఉండిపోయాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగినా వినబడాలంటే గుంపుండాలి.

ఆ 1960 చట్టాన్నీ 2005లో ఇంకా కుదించారు. కార్పొరేషనున్న ఊళ్ళలో నెలకి 3500 రూపాయలు దాటిన అద్దెలు, మిగతా చోట్ల 2000 దాటినవి, కట్టి పదిహేనేళ్ళు కాని ఇళ్ళు, అన్నీ బయటికే. మా ఊరు 1994 నుంచీ కార్పొరేషనే. ఆ తర్వాత మా ఊళ్ళో 3500కి రెండు గదులు ఎక్కడ దొరికాయి, చెప్పు? అలా బయటికి పోయినవాడికి అప్పుడు మిగిలింది ఆస్తి బదిలీ చట్టం ఒక్కటే. నెలనెలా అద్దెకి పదిహేను రోజుల నోటీసు చాలు దాంట్లో. తిరిగి ఇస్తామన్న హామీ లేదు, పటం లేదు, పళ్ళెమూ లేదు. అది చాలా అన్యాయం. పట్నాల్లో అంతమంది అద్దెకే బతుకుతుంటే పడగొట్టే ఇళ్ళలోని మనుషులకి తిరిగొచ్చే హక్కు అద్దె అంకె చూసి ఇవ్వడమేమిటి?

ఇక నీ సంగతికొస్తాను. నువ్వుంటున్న ఆ నాలుగంతస్తుల బిల్డింగు కూడా పాతదే కదా, కింద వాచ్‌మన్ ఏదో ప్లాను మాట్లాడుతున్నారని చెప్పాడన్నావు. నీ అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసి ఉంటారు. అద్దె ఫోనులో పంపిస్తావు, సరే, అది రుజువే. ఆ కాగితం రేపొచ్చేటప్పుడు తీసుకురా, కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను. ఆ బిల్డింగులో మిగతావాళ్ళ పేర్లు నీకు తెలుసా? తెలీదా? అయితే ఈ రాత్రే వెళ్ళి రెండు తలుపులు తట్టు, నోటీసొచ్చేదాకా ఆగకు.